మేకకు లంగరు

పదో తరగతి సగంలో వదిలి, రెండేళ్లు మంగళూరులో చేపల పడవ మీద పనిచేసిన బజారి, సొంతూరు హాలహర్విలో బస్సు దిగినప్పటి నుంచి సముద్రాన్ని తానే తవ్వినట్టు మాట్లాడేవాడు. జేబులో పడవ యజమాని ఇచ్చిన పాత జీపీఎస్ డబ్బా ఉండేది.

"లంగరేసినాక దీంట్లో గిరి గీస్తే, పడవ గిరి దాటితే కూస్తాది. ఒకసారి తిమింగలం మా పడవను ఈడ్సకపోతాంటే దీంతోనే కనిపెట్టినా!"

వీరమ్మత్త తిమింగలాన్ని నమ్మలేదు గానీ డబ్బాను వదల్లేదు. ఆమె మేక మొన్న తాడు తెంపుకుని పక్కనున్న సిద్దప్ప చేనిలో వేరుశనగ మేసింది. ఇంకోసారి వస్తే బందెలదొడ్డికి తోలుతానన్నాడాయన.

"దాన్ని మా మేకకు గడతావా అప్పా?"

బజారి టీ అంగడి ముందు, అందరూ చూస్తుండగా, పాతిక గజాల గిరి పెట్టాడు. వీరమ్మ చేనికి పోయి, మేక మెడకు కట్టకముందే డబ్బా కూత మొదలుపెట్టింది.

"మేక కదల్లేదు గదా, ఎందుకరుస్తాంది?"

"నీ మేకకు సముద్రం తెల్దత్తా."

వీరమ్మ నవ్వింది. "మేకను గట్టిన గూటం ఈడుంటే, కొలత టీ అంగడి కాడ మొదలుపెడితే ఎట్లప్పా?"

బజారికి అప్పుడు గుర్తొచ్చింది. పడవలో లంగరు నీళ్లలో పడ్డ చోటనే మీట నొక్కేవాళ్లు! గూటం పక్కన నిలబడి మళ్లీ నొక్కి, డబ్బాను మేక మెడకు కట్టాడు.

సాయంత్రం మేక తాడు తెంపుకుని వేరుశనగ వైపు నడిచింది. గట్టు చేరకముందే మెడలో డబ్బా కూసింది. మేక బెదిరి, వెనక్కి తిరిగి, పరుగున వచ్చి వీరమ్మ కాళ్ల మధ్య దూరింది.

కూత విని సిద్దప్ప కట్టె పట్టుకుని వచ్చాడు. చేనిలో ఒక్క ఆకూ తెగలేదు. మేకను, డబ్బాను మార్చి మార్చి చూశాడు.

"బజారీ, నా ఎనుముకు ఎంత గిరి పెట్టల్ల?"