దస్తగిరి సారు చీపురు పుల్లలు

పోయిన వారం చక్కెర జబ్బు డాక్టరు దగ్గరికి పోయాను. ఆ అమ్మాయి నన్ను కళ్ళు మూసుకోమని, అరికాలి మీద ఏదో సన్నటి దానితో తాకి, "తెలుస్తాందా అవ్వా?" అంది. "తెలుస్తాందమ్మా. బొటనవేలి కింద, కొంచెం లోపలి పక్క. మొన మొద్దుగా ఉండాది. ముందు చల్లగా తగిలింది, ఆ తర్వాత నొక్కినట్టయింది" అన్నాను. ఆ పిల్ల నవ్వి, "తెలిస్తే ఊ అంటే చాలవ్వా" అంది. నాకూ నవ్వొచ్చింది. ఊ అని ఊరుకోవడం దస్తగిరి సారు నాకు నేర్పలేదు. నా మనవలు మీరెవరూ ఆయన్ని చూడలేదు కాబట్టి చెబుతున్నాను, వినండి.

రెండో ప్రపంచ యుద్ధం అయిపోయిన రోజులు. మైదుకూరులో మా నాయన చెనిక్కాయల వ్యాపారం చేసేవాడు. నేను ఇంట్లో ఉండే బి.ఏ. చదువుతున్నాను. ఆడపిల్లలు కాలేజీకి పోకుండా ఇంట్లో చదువుకుని, పరీక్ష మాత్రం పోయి రాసే వీలుండేది అప్పట్లో. ఇంటరు అట్లాగే అనంతపురంలో మా అత్త ఇంట్లో ఉండి రాశాను. బి.ఏ.కి తత్వశాస్త్రం తీసుకున్నాను. అందులో నాకిష్టమైన భాగం మనస్తత్వ శాస్త్రం. బి.ఏ. పరీక్షకు మాత్రం మద్రాసు పోవాలి. పోనిస్తారా లేదా అన్నది మా అవ్వ చేతిలో ఉంది. అవ్వంటే నాయనకు అమ్మ. ఆమె సరేనంటే తప్ప మా ఇంట్లో చెనిక్కాయల బండి కూడా కదిలేది కాదు. ఆమెకు చదువంటే కోపం లేదు, ఈ చదువంటేనే. "లెక్కలు చదివితే లెక్కలొస్తాయి. మనసును చదివితే ఏమొస్తాదే? ఉండే మనసు కూడా పోతాది" అనేది.

దస్తగిరి సారు కర్నూలులో, అయ్యవార్లను తయారుచేసే ట్రైనింగు స్కూల్లో పనిచేసి, రిటైరై, మైదుకూరులో కూతురింటికి వచ్చారు. తెల్లటి గడ్డం, రోహిణి కార్తె ఎండలో కూడా విప్పని నల్లకోటు. నాయన బతిమాలితే సాయంత్రాలు మా అరుగు మీద కూర్చుని పాఠం చెప్పేవారు. నేను గడపకు లోపల కూర్చునేదాన్ని. మొదటి రోజే ఒక అధ్యాయమంతా గడగడా అప్పజెప్పాను. ఆయన చివరిదాకా విని, "బాగుండాదమ్మా. ఇది పుస్తకం రాసినాయన మనసు. మీ ఇంట్లో ఇంతమంది ఉండారే, వాళ్ళ మనసుల్ని యాడ పెట్టినావు?" అన్నారు.

మర్నాడు రెండు చీపురు పుల్లలు తెచ్చారు, మొనలు బండ మీద అరగదీసినవి. మనిషిని కళ్ళు మూసుకోమని, రెండు పుల్లలూ ఒకేసారి చర్మానికి ఆనించి, ఒకటా రెండా అని అడగాలి. వేలికొస మీద అయితే బాగా దగ్గరగా పెట్టినా రెండని తెలుస్తుంది. ముంజేతి మీద అంతే దూరంలో పెడితే ఒకటే అనిపిస్తుంది. "ఇది పరీక్షలో అడగరు కద సారూ?" అన్నాను. "అడగరు. అందుకే ఈడ చేసుకోవల్ల" అన్నారు.

ఇంట్లో వాళ్ళు ఒక్కొక్కరే వచ్చి చేయి చాపారు. పుల్లలు ఆనించేది నేను. సారు అరుగు మీద నుంచి వింటూ పలక మీద గీతలు గీసేవారు. అమ్మ వేలి మీద రెండు అంది, ముంజేతి మీదా రెండే అంది. చిన్నాయనా అంతే. ఎవరిని అడిగినా, ఎక్కడ పెట్టినా రెండే. మా ఇంటి చర్మం ముందు శాస్త్రం ఓడిపోయిందని నాకు ఒకటే సంబరం. సారు గడ్డం నిమురుకుని, ఒక పుల్ల తీసేయమని వేలితో సైగ చేశారు. మా పిన్ని చేతికి ఒక్క పుల్లే ఆనించాను.

"రెండు!" అంది పిన్ని, ఇల్లంతా వినపడేట్టు.

కళ్ళు తెరిచి నా చేతిలో ఒంటి పుల్ల చూసి ఏడుపు మొహం పెట్టింది. "రెండుండాయని అక్క చెప్పింది సారూ! మేము తప్పు చెప్తే పాపకు మార్కులు పోతాయి కదా!"

అక్కంటే మా అమ్మ. అప్పుడు బయటపడింది సంగతి. పలక మీద గీతలు నాకు వేస్తున్న మార్కులనుకుని, అందరూ వంటింట్లో కూడబలుక్కున్నారు. చిన్నాయన తల గోక్కుంటూ, "మన పాప ఫెయిలైతే మనకే కదప్పా తలవంపు" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. సారు మాత్రం కళ్ళ నీళ్ళొచ్చేదాకా నవ్వి, ఆ కోటు అంచుతోనే తుడుచుకున్నారు.

"కోప్పడాకమ్మా. వాళ్ళు చెప్పింది చర్మం సంగతి కాదు, నీ మీద ఉండే ప్రేమ సంగతి. అదీ మనసే. రేపు మళ్ళా అడుగు. ఇందులో తప్పు జవాబనేదే లేదని ముందే చెప్పు. అడిగినాక గమ్మునుండు. నీ మొహం కూడా గమ్మునుండల్ల."

మర్నాడు ఎవరూ పిలవకుండానే అవ్వ వచ్చి కూర్చుంది. "అందరినీ అడిగి నన్నిడిసిపెట్టినావేమే? ముసల్దానికి చర్మం లేదనుకున్న్యావా?" అంది.

"ఇందులో తప్పు లేదవ్వా. నీకేమనిపిస్తే అదే చెప్పు" అని ముంజేతికి రెండు పుల్లలూ ఆనించాను. గమ్మునున్నాను. నా మొహాన్ని గమ్మున ఉంచడం మాత్రం శానా కష్టమైంది.

"ఒకటే" అంది అవ్వ. కాస్త ఆగి, "ఉండు. ఒకటే, కానీ ఇంత లావుగా ఉండాది" అంది. ఆ తర్వాత అరుగు వైపు తిరిగి, "ఏమప్పా సారూ, తప్పా?" అని అడిగింది.

"మీకెట్ల అనిపించిందో మీకు గాక ఇంకెవరికి తెలుస్తాదమ్మా?" అన్నారు సారు.

అవ్వ తన ముంజేతిని అటూ ఇటూ తిప్పి చూసుకుంది. "ఇంకోతూరి పెట్టు" అంది.

అప్పట్నుంచి పాఠానికి నా కంటే ముందు ఆమే తయారు. ఎండబెట్టిన మిరపకాయల రాశిని రెప్ప కొట్టకుండా చూసి సున్నపు గోడ వైపు తిరిగితే ఆకుపచ్చ మరక కనబడుతుందని సారు చూపించినప్పుడు, వీధిలో పోయేవాళ్ళందరినీ పిలిచి మిరపకాయల ముందు నిలబెట్టింది. ఒక సాయంత్రం, కాపరానికి కొత్తగా ఈ ఊరొచ్చిన రోజు బండిలో ఎంత భయపడిందో చెప్పింది. ఆ మాట నాయన కూడా ఎప్పుడూ వినలేదు. "చెప్పలేదేమ్మా ఇన్ని దినాలు?" అంటే, "ఎవరడిగినార్రా?" అంది.

పరీక్షకు పేరు పంపాల్సిన గడువు దగ్గరపడింది. సారు అరుగు మీద ఉండగానే చిన్నాయన మాట ఎత్తాడు. "ఆడపిల్లను మద్రాసుకా? వాళ్ళూ వీళ్ళూ ఏమనుకుంటారు?" నాయన అవ్వ వైపు తిరిగి, "నువ్వెట్లాగూ వద్దంటావు కదమ్మా?" అన్నాడు. 

"అట్ల అడగాకు" అంది అవ్వ. "జవాబు నువ్వే నోట్లో పెట్టి అడుగుతాండావు. సరిగ్గా అడుగు. అడిగినాక గమ్మునుండు."

 సారు తల వంచుకుని కోటు బొత్తాం సరిచేసుకుంటున్నారు గానీ, భుజాలు ఊగుతూనే ఉన్నాయి. చివరికి నాయన, "పాపను మద్రాసు పంపడమంటే నీకెట్ల అనిపిస్తాండాదమ్మా?" అని అడిగాడు.

అవ్వ తొందరపడలేదు. వీధిలో ఒక జట్కా వచ్చి, మలుపు తిరిగి పోయింది. అప్పుడంది. "భయంగా ఉండాది. భయం నాది, నేను చూసుకుంటా. పాపను పంపు." మళ్ళీ వెంటనే, "తోడుకు నేనూ రైలెక్కుతా. నేనింతవరకూ సముద్రం చూడలా" అంది.

ఇద్దరమూ పోయాం. నేను పరీక్ష రాశాను, ఆమె సముద్రం చూసింది. పాసయ్యానని చెప్పడానికి పోతే సారు, "శానా సంతోషం. ఎట్ల అనిపించిందమ్మా?" అని అడిగి ఊరుకున్నారు. సంతోషమని ఒక్క ముక్కలో చెప్పి వచ్చేద్దామనుకున్నాను. అంతా చెప్పి ముగించేసరికి దీపాలు పెట్టే వేళయింది.

పుస్తకాల్లో చదివింది చాలావరకు మరిచిపోయాను. మీరు అంత దూరం నుంచి ఫోను చేసినప్పుడు, "ఎట్లుండావు నాయనా?" అని అడుగుతాను కదా. "బాగున్నానవ్వా" అంటారు. నేను మాట్లాడను. లైను తెగిపోయిందనుకుని "అవ్వా, అవ్వా!" అని కేకలేస్తారు. లైను బాగానే ఉంటుంది నాయనా. బాగున్నానన్న తర్వాత వచ్చే మాట కోసం కూర్చుని ఉంటాను.