టెర్మినల్ పీకిన రోజు

బానెట్ ఎత్తితే ఇంజిన్ కనబడాలి. నేను నేర్చుకున్న పని అట్లాంటిది. రెండువేల సంవత్సరం దాటాక వచ్చిన కార్లలో బానెట్ ఎత్తితే నల్లటి ప్లాస్టిక్ మూత కనబడేది. దాన్ని పట్టి ఉంచే క్లిప్పులు ఎక్కడెక్కడో దాక్కుని ఉండేవి. ఒక్కటి విరిగినా బండి ఓనరు మొహం మాడ్చుకునేవాడు. సరే, మూత తీస్తే ఇంజిన్ ఉంటుంది కదా అనుకుంటే, దాని చుట్టూ వైర్లు, ప్రతి వైరు కొసన ఒక సాకెట్, ప్రతి సాకెట్ వెనక ఒక సెన్సార్. చెయ్యి పెట్టడానికి సందు ఉండదు, పెట్టిన చెయ్యి బయటికి రాదు. ఒకసారి స్పానరుతో సహా నా చెయ్యి లోపల ఇరుక్కుపోయి పావుగంటసేపు బండిని వాటేసుకుని నిలబడ్డాను. దారిన పోయేవాళ్ళు నేనేదో మహా శ్రద్ధగా పని చేస్తున్నాననుకుని ఉంటారు.

హోసూరులో, రాయకోట రోడ్డు పక్కన నా షెడ్డు. తొంభైల మొదట్లో పెట్టాను. అంతకు ముందు కృష్ణగిరిలో ఒక తమిళాయన దగ్గర ఆరేళ్ళు పని నేర్చుకున్నాను. ఆయన పొడుగు స్క్రూడ్రైవరు కొనను ఇంజిన్‌కు ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని లోపల ఏ బేరింగు పోయిందో చెప్పేవాడు. ప్లగ్గు ఊడదీసి మసి రంగు చూస్తే చాలు, కార్బురేటర్ ఎంత తిప్పాలో తెలిసిపోయేది. ఆరేళ్ళలో ఆ విద్య నాకూ వచ్చింది. బండి ఇంకా షెడ్డు మలుపు తిరగకముందే, శబ్దం విని దాని జబ్బు చెప్పేవాణ్ణి. ఆ మాట చెప్పుకోవడం నాకు ఇప్పటికీ ఇష్టమే.

ఆయన దగ్గర నేర్చుకున్న ఇంకో పని ఉంది. బ్యాటరీ మాటిమాటికీ దిగిపోతోందంటే తప్పు బ్యాటరీదా, దాన్ని చార్జి చేసే డైనమోదా అని తేల్చాలి. దానికి మేం మీటరు పెట్టేవాళ్ళం కాదు. ఇంజిన్ స్టార్ట్ చేసి, అది తిరుగుతుండగానే బ్యాటరీ టెర్మినల్ పీకేసేవాళ్ళం. ఇంజిన్ ఆగిపోతే డైనమో పోయినట్టు. ఆగకపోతే డైనమో మంచిదే, బ్యాటరీ మార్చుకోవాలి. కృష్ణగిరి నుంచి హోసూరు దాకా ఏ షెడ్డులో చూసినా ఇదే పరీక్ష. దాన్ని ఎడమచేత్తో, ఓనరుతో మాట్లాడుతూ, బ్యాటరీ వైపు చూడకుండా చేయడం పనితనం. నేను అట్లాగే చేసేవాణ్ణి. ఎన్ని వందల బండ్లకు చేశానో లెక్క లేదు.

కొత్త కార్లు వచ్చాక చెవి పనికి రాకుండా పోయింది. డాష్‌బోర్డు మీద ఇంజిన్ బొమ్మతో పసుప్పచ్చ లైటు వెలిగేది. బండి బాగా నడిచేది, శబ్దంలో ఏ తేడా ఉండేది కాదు, లైటు మాత్రం ఆరేది కాదు. "లైటు ఆర్పప్పా, చూస్తా ఉంటే భయమవతాది" అని ఓనర్లు నా మీద పడేవాళ్ళు. అదెందుకు వెలుగుతోందో బండిలోని కంప్యూటర్‌కు తెలుసు, షోరూము వాళ్ళ దగ్గరున్న మెషినుకు తెలుసు, నాకు తెలియదు. బెంగళూరు పోయి సెకండ్ హ్యాండ్ మెషిను ఒకటి తెచ్చాను. అది నాలుగు అంకెలు చూపించి ఊరుకునేది. ఆ అంకెలకు అర్థం చెప్పే పుస్తకం దాన్ని అమ్మినవాడి దగ్గరే లేదు. కోపమొచ్చి ఒకసారి ఆ లైటు మీద నల్ల టేపు అంటించి పంపేశాను. ఆ ఓనరు తర్వాతి వారం వచ్చి నాకు దండం పెట్టి పోయాడు. ఆ దండం చూసి నాకు ఏడుపొచ్చినంత పనైంది.

మానేద్దామంటే ఏం చేయాలి? నాకు అప్పుడు నలభై దగ్గర పడ్డాయి. హోసూరులో ఇన్ని కంపెనీలున్నా ఆ వయసులో నన్నెవరు తీసుకుంటారు? మా నాయన చేను తమ్ముడు చేసుకుంటున్నాడు, అది వాడికే చాలదు. పొద్దున షెడ్డు తలుపు తీసేటప్పుడల్లా ఈ రోజు పాత బండ్లే రావాలి దేవుడా అనుకునేవాణ్ణి. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మెకానిక్ కారును చూసి భయపడుతున్నాడని ఎట్లా చెప్తాం?

ఆ రోజుల్లోనే కుందారపల్లి పెద్దాయన కారు వచ్చింది. ఆయనకు మామిడి తోటలు, టమాటా చేన్లు ఉన్నాయి. ఆయన ఇంటి బండ్లన్నీ మొదటి నుంచీ నా దగ్గరికే వచ్చేవి. ఆయన్ని చూసి ఆ చుట్టుపక్కల రైతులంతా నా దగ్గరికి వచ్చేవాళ్ళు. ఆ ఇంట్లో డ్రైవరు నా బావమరిది, నా భార్యకు సొంత తమ్ముడు. అప్పటికి ఎనిమిదేళ్ళ కిందట వాణ్ణి ఆ పనికి కుదిర్చింది నేనే. బండిని పసిపిల్లలా చూసుకునేవాడు. స్టీరింగు తుడవడానికి వేరే గుడ్డ, అద్దాలకు వేరే గుడ్డ.

"బ్యాటరీ దిగిపోతా ఉండాది బావా. పోయిన వారం ట్రాక్టరు బ్యాటరీ తెచ్చి వైర్లు తగిలించి స్టార్ట్ చేసినాను. మళ్ళీ నిన్న అదే కత, నలుగురం తోసి స్టార్ట్ చేసినాము" అన్నాడు. కారు వచ్చి ఏడాది కూడా కాలేదు. పెద్దాయన షోరూముకు పంపకుండా నా దగ్గరికే పంపాడు. నాకు గర్వంగానే అనిపించింది.

వాడు టీ తాగి వస్తానని రోడ్డు అవతలికి పోయాడు. నేను ఇంజిన్ స్టార్ట్ చేశాను. బానెట్ కింద వంగి టెర్మినల్ బోల్టు వదులు చేసి, ఎడమచేత్తో పీకేశాను. ఒక్క క్షణం ఇంజిన్ గట్టిగా అరిచింది. డాష్‌బోర్డులో ఉన్న లైట్లన్నీ ఒక్కసారిగా వెలిగి ఒక్కసారిగా ఆరిపోయాయి. తర్వాత నిశ్శబ్దం. టెర్మినల్ మళ్ళీ తగిలించి తాళం తిప్పాను. స్టార్టరు గిరగిరా తిరుగుతోంది గానీ ఇంజిన్ అందుకోవడం లేదు. ఎప్పుడూ నన్ను విసిగించే పసుప్పచ్చ లైటు కూడా వెలగలేదు. జీవితంలో మొదటిసారి ఆ లైటు వెలగాలని కోరుకున్నాను.

బావమరిది టీ తాగి వచ్చేసరికి నేను ఫ్యూజులు చూస్తున్నాను. "ఏమైంది బావా?" అన్నాడు. "చూస్తా ఉండాను" అన్నాను. నాలుగు రోజులు చూశాను. ఊడదీయగలిగినవన్నీ ఊడదీసి మళ్ళీ బిగించాను. డ్రైవరు కాళ్ళ దగ్గర, కార్పెట్ వెనక, అట్టపెట్టెంత అల్యూమినియం డబ్బా ఉంది. కంప్యూటర్ అదే. దానికి సీలు వేసుంది. దాన్ని ఎంతసేపు చూసినా అది నాకేమీ చెప్పలేదు.

అయిదో రోజు బండిని బెంగళూరు షోరూముకు లాక్కుపోయాం. పెద్దాయన, బావమరిది, నేను ముగ్గురం పోయాం. అక్కడ ఇస్త్రీ చొక్కా వేసుకున్న అబ్బాయి, చేతికి మరక లేదు, ల్యాప్‌టాప్ వైరు తగిలించి పది నిమిషాల్లో తేల్చేశాడు. కంప్యూటర్ కాలిపోయిందట. కొత్తది వేయాలట. ఎందుకు కాలిందని పెద్దాయన కన్నడంలో అడిగాడు. ఆ అబ్బాయి రెండు కారణాలు చెప్పాడు. ఇంకో బండి బ్యాటరీతో స్టార్ట్ చేసేటప్పుడు ఏదైనా తప్పు జరిగుండాలి. లేదంటే ఇంజిన్ తిరుగుతుండగా ఎవరైనా టెర్మినల్ పీకి ఉండాలి, అప్పుడు కరెంటు ఒక్కసారిగా ఎగదన్ని కంప్యూటర్‌ను కాల్చేస్తుందట. "ఈ కాలంలో ఆ పని ఎవరూ చేయరనుకోండి" అని నవ్వాడు కూడా.

నా చెవులు వేడెక్కాయి. నోరు తెరిచేలోపే నా బావమరిది ఒకడుగు ముందుకేశాడు. "నేనే సార్. మొన్న ట్రాక్టరు బ్యాటరీతో స్టార్ట్ చేసినాను" అన్నాడు. ఎంత నిజాయితీపరుడంటే, అబద్ధం ఆడటానికి పట్టే సమయం కూడా తీసుకోలేదు. పెద్దాయన వాడి వైపు చూశాడు. తర్వాత నా వైపు చూశాడు. నేను గోడ మీద బొమ్మలు చూస్తున్నాను. ట్రాక్టరు బ్యాటరీ తగిలించాక కూడా వారం రోజులు బండి నడిచింది కదా, అప్పుడే కాలి ఉంటే ఎట్లా నడుస్తుంది అని అడగడానికి, ఆ వారం సంగతి తెలిసిన మెకానిక్ అక్కడ నేను తప్ప ఎవడూ లేడు.

ఇంటికొచ్చాక పెద్దాయన వాణ్ణి తిట్టలేదు. "కొన్నాళ్ళు ఇంట్లో ఉండప్పా. మళ్ళీ పిలస్తాను" అన్నాడు. వారానికే ఇంకో డ్రైవరు వచ్చాడు. నా బావమరిది రాయకోటలో తన ఇంటికి పోయి కూర్చున్నాడు.

రెండు మూడు రోజులకొకసారి బస్సెక్కి నా షెడ్డుకు వచ్చేవాడు. వచ్చినప్పుడల్లా ఒకటే ప్రశ్న. "ఎర్ర వైరు ఎర్రదానికే వేసినాను బావా. నల్లది నల్లదానికే. ఐనా యాడ తప్పు జరిగిందో చెప్పు." నేల మీద సుద్దముక్కతో రెండు బ్యాటరీలు గీసి, ఆ రోజు ఏ వైరు ముందు పెట్టాడో, ఏది తర్వాత పెట్టాడో చూపించేవాడు. నేను వంగి పరీక్షగా చూసేవాణ్ణి. "ఈ కొత్త బండ్లంతేప్పా. ఏది ముట్టుకుంటే ఏది కాలతాదో ఎవరికీ తెలీదు" అనేవాణ్ణి. ఇన్నాళ్ళూ ఏ కార్లను తిట్టుకుంటూ బతికానో వాటి వెనకే దాక్కున్నాను. పోతూ పోతూ వాడు ఒకసారి, "నా వల్ల నీ షెడ్డుకూ చెడ్డపేరు వచ్చింది, మనసులో పెట్టుకోవద్దు బావా" అన్నాడు. అప్పుడు కూడా నేను చెప్పలేదు. చెబితే కుందారపల్లి బండ్లు రావు, దాని పక్కనున్న శూలగిరి బండ్లు రావు. అంతకంటే ఎక్కువ బాధ ఇంకోటి. ఈ కాలంలో ఎవరూ చేయని పని చేసినవాడు వీడేనని నలుగురూ అంటారు. షెడ్డులో ఎటు తిరిగినా నేల మీద ఆ సుద్దగీతలే కనబడేవి. నీళ్ళు పోసి కడిగేవాణ్ణి. మళ్ళీ వచ్చి గీసేవాడు.

ఇంట్లో నా భార్య, "మా తమ్ముడు సరిగ్గా అన్నం తినడం లేదంట" అంది. ఆ పూట నేను రెండోసారి కూడా వడ్డించుకుని తిన్నాను. సిగ్గుతో రాస్తున్నాను.

ఒకరోజు హోసూరులో ఒక కంపెనీకి వ్యాను డ్రైవరు కావాలని తెలిసి వాడికి చెప్పాను. ఎగిరి గంతేస్తాడనుకున్నాను. నా మనసు కూడా తేలికవుతుందనుకున్నాను. వాడు తల అడ్డంగా ఊపాడు. "నాకు బండి వద్దు బావా. నాకు తెలీకుండానే చెయ్యి ఏదో చేసేస్తాది" అన్నాడు. పదిహేనేళ్ళు బండి తోలిన మనిషి తన రెండు చేతుల్నీ తిప్పి తిప్పి చూసుకున్నాడు. బానెట్ ఎత్తినప్పుడు నాకు కలిగే భయం నాకు తెలుసు. అదే భయాన్ని తీసుకెళ్ళి వాడి చేతుల్లో పెట్టింది నేను. ఆ రోజు నా మీద నాకు పుట్టిన అసహ్యం ఇప్పటికీ తగ్గలేదు.

మర్నాడు పొద్దున కుందారపల్లి పోయాను. పెద్దాయన టమాటాలు ఏరించి పెట్టెలకు ఎత్తిస్తున్నాడు. నిలబడే అంతా చెప్పాను. ఆయన విని, చేతిలో ఉన్న కాయను పెట్టెలో పెట్టాడు.

"ఈ మాట ఆడ షోరూములోనే చెప్పుంటే అయిపోయుండేది కదప్పా. ఎందుకు చెప్పలే?"

"భయమైంది పెద్దయ్యా."

"డబ్బులకా?"

"కాదు. ఈ కాలంలో ఎవరూ అట్ల చేయరని ఆ పిల్లోడు అన్నాడు కదా. నేను చేసినాను."

ఆయన నవ్వలేదు, కోప్పడలేదు. "ట్రాక్టర్లు నీ దగ్గరికే పంపిస్తాను. కారు పంపించలేనప్పా, ఏమనుకోవద్దు" అన్నాడు. నా బావమరిదిని పనిలోకి రమ్మన్నాడు. "కానీ నేను చెప్పను. వానికి నువ్వే పోయి చెప్పు" అన్నాడు. నేనడగబోయింది అదే, నా బదులు ఆయన చెప్తాడేమోనని.

అక్కడి నుంచి నేరుగా రాయకోట పోయాను. బావమరిది ఇంటి ముందు కూర్చుని టమాటా మొక్కలకు ఊతంగా నాటే కట్టెల మొనలు చెక్కుతున్నాడు. నన్ను చూసి లేచి పీట వేయబోయాడు. వద్దని కిందే కూర్చున్నాను. టీ తాగడానికి వాడు రోడ్డు దాటింది మొదలు టెర్మినల్ పీకింది దాకా చెప్పాను. పనిలోకి రమ్మన్నారని కూడా చెప్పాను. ఆ మాట వాడికి వినబడిందో లేదో.

చాలాసేపు కట్టె చెక్కుతూనే ఉన్నాడు. చెక్కాల్సినదానికంటే ఎక్కువే చెక్కాడు.

"నీకు ఎప్పుడు తెలిసింది బావా?"

"ఆ పొద్దే. షోరూములో."

కత్తి పక్కన పెట్టాడు.

"నలభై దినాలైంది. కండ్లు మూస్తే ఎర్ర వైరు, నల్ల వైరు. ఒక్క దినమూ నిద్ర పట్టలే నాకు. నీకు పట్టిందా బావా?"

పట్టలేదని చెప్పొచ్చు. వాడు నమ్మేవాడు, నేనేం చెప్పినా నమ్మే మనిషి. ఈ ఒక్కదానికైనా నిజం చెప్పాలనిపించింది.

"పట్టిందప్పా" అన్నాను.