ఇత్తడి ముక్క

వికారాబాద్‌లో నా కారు సర్వీసింగుకు ఇచ్చినప్పుడల్లా షెడ్డు బయట స్టూలు వేసుకుని కూర్చుంటాను. లోపల చల్లటి గది ఉందంటారు గానీ అక్కడ నాకు పొద్దుపోదు. మొన్న మెకానిక్ నా బండి ఎయిర్ ఫిల్టర్ బయటికి తీసి టైరుకేసి కొట్టాడు. తెల్లటి దుమ్ము లేచింది. తాండూరు రోడ్ల మీద తిరిగే బండి, నాపరాయి పొడి తినక తప్పదు. ఆ పొడి వాసనా పెట్రోలు వాసనా కలిసి ముక్కుకు తగిలేసరికి నాకు ఇంకో పాత కారు గుర్తొచ్చింది. ఫిల్టరు డబ్బా కూడా పగిలిందని చెప్పి, అతను పాత డబ్బాలోంచి రెండు వైర్లున్న చిన్న ముక్కను ఊడదీసి కొత్త డబ్బాకు బిగించాడు. "గాలి వేడి చూసేది గదా అది?" అన్నాను. "అవునమ్మా" అని తన పనిలో పడ్డాడు. ఆ ముక్క ఎక్కడ పెట్టాలో తెలియక ఒకప్పుడు మేమెంత అవస్థ పడ్డామో చెబుదామనుకున్నాను. కానీ అతని వెనక ఇంకో బండి హారన్ కొడుతోంది.

అప్పుడు మేము అవస్థ పడ్డది ఖైరున్నిసా డాక్టరమ్మ కారుతో. డెబ్భైలలో తాండూరులో ఆడవాళ్ల డాక్టరంటే ఆమే. భర్త జర్మనీలో ఇంజనీరుగా పనిచేసి, తిరిగి వచ్చేటప్పుడు ఓడలో ఆ కారు తెచ్చాడట. వచ్చిన కొన్నాళ్లకే పోయాడు. పిల్లల్లేరు. హైదరాబాదులో అత్తవారిది పెద్ద ఇల్లు, అక్కడికి వచ్చేయమని మరిది ఎప్పుడూ కబురు పెట్టేవాడు. ఆమె మాత్రం బండల ఇంట్లో కిందంతా దవాఖానా పెట్టుకుని, ఆ కారు తనే నడుపుకుంటూ పెద్దేముల్, బషీరాబాద్ పల్లెలకు పురుళ్లు పోయడానికి వెళ్లేది. ఆడమనిషి కారు నడపడం చూడటానికి జనం అరుగుల మీదికి వచ్చేవాళ్లు. ఆమె ఎవరివైపూ చూసేది కాదు.

నేను ఆ ఇంటికి చేరింది గతిలేక. మాది పెద్దేముల్ దగ్గర గొర్లు కాసుకునే ఇల్లు. నా పెనిమిటి ఇంకో ఆమెను తెచ్చుకున్నాడు. నేను అన్న ఇంటికి వస్తే వదిన మొహం మాడ్చుకుంది. దవాఖానాలో నేల తుడవడానికి మనిషి కావాలంటే వచ్చి, వెనక గదిలో ఉండిపోయాను. ఐదో తరగతి వరకు చదివానని తెలిశాక డాక్టరమ్మ నాకు చీటీలు చదవడం, జరం చూడటం నేర్పింది. పేషంట్లు వెళ్లిపోయాక ఆ ఇల్లు ఎంత మూగబోయేదో చెప్పలేను. ఆమె పొయ్యి ఆమెది, నా పొయ్యి నాది. ఆమె లోపల రేడియో పెట్టుకుని తినేది, నేను వెనక గడప మీద కూర్చుని తినేదాన్ని. ఇద్దరం ఒంటరివాళ్లమే, కానీ ఒకరి ఒంటరితనం ఇంకొకరికి అక్కరకు రాలేదు.

ఒక ఎండాకాలం కారు మొరాయించింది. జర్మనీ ఫిల్టరు కాగితంతో చేసినది, తాండూరు దుమ్ముకు అది ఎక్కడ ఆగుతుంది? కొత్తది దొరకదు. వికారాబాద్‌లో యాదగిరి మేస్త్రి అని జీపులు బాగుచేసే ఆయన ఉండేవాడు. ఆయన ఆ డబ్బా మొత్తం తీసేసి, పాత జీపుది నూనె పోసే ఎయిర్ క్లీనరు తెచ్చి రబ్బరు గొట్టంతో అతికించాడు. పాత డబ్బాకు ఒక ఇత్తడి ముక్క ఉండేది, వేలి కణుపంత, రెండు వైర్లతో. కొత్తదానికి దాన్ని పెట్టే చోటు లేదు. "ఇది వేడి జూసేదమ్మా. వేడి జూసేది వేడి తాననే ఉండాలె గద" అని దాన్ని ఇంజను పక్కకు ఆనించి బిగించేశాడు. ఆయన చూసిన జీపులన్నిటికీ వేడి చూసే ముక్క ఇంజను నీళ్లలోనే ఉండేది మరి. డాక్టరమ్మ కూడా సరేనంది.

అప్పటినుంచి బండికి కొత్త జబ్బు పట్టుకుంది. పొద్దున్నే బాగా లేచేది. కొంత దూరం పోయి ఇంజను కాగగానే దగ్గడం, ఎగిరెగిరి పడటం, ఎత్తు ఎక్కే చడావు వస్తే ఆగిపోవడం. మేస్త్రి ప్లగ్గులు మార్చాడు, పెట్రోలు గొట్టాలు ఊది చూశాడు. ఏం లాభం లేకపోయింది.

అట్లాంటి రోజుల్లోనే పెద్దేముల్ అవతలి తండా దారిలో ఒక ఇంటి నుంచి కబురొచ్చింది. నర్సమ్మ అని కొత్త కోడలు, తొలిచూలు, పొద్దుటినుంచి నొప్పులు పడుతోంది. నన్నూ ఎక్కించుకుని డాక్టరమ్మ బయల్దేరింది. మిట్ట మధ్యాహ్నం. సగం దారిలో చడావు మీద కారు నిలిచిపోయింది. ఎంత తిప్పినా లేవలేదు. ఆమె సంచీ భుజాన వేసుకుని దిగి నడక మొదలుపెట్టింది. చెప్పు తెగితే చేత పట్టుకుని కాలే బండల మీద నడిచింది. మేము వెళ్లేసరికి తల్లి స్పృహ తప్పి ఉంది. డాక్టరమ్మ తల్లిని దక్కించింది. బిడ్డ దక్కలేదు. ఆ ఇంట్లో ఆడవాళ్లు గోడకానుకుని నిలబడి మా వైపు చూస్తూ ఒక్క మాట మాట్లాడలేదు. మేము వచ్చేటప్పుడు కూడా ఎవరూ గడప దాటి రాలేదు. కారు దాకా నడిచే దారిలో డాక్టరమ్మ అన్నది: "సూసినవా బాలమ్మా, వాళ్ల సూపులు? నా మొకం మల్ల సూడరు వాళ్లు."

ఆ వారమే మరిది వచ్చాడు. చాయ్ తాగుతూ, "భాభీ, ఈ ఊళ్ల నీకు ఏమున్నది? ఎవరున్నరు?" అని అడిగాడు. డాక్టరమ్మ తన కప్పు కింద పెట్టింది. "బండి నడిస్తె ఉంట. నడవకుంటె మల్ల జుమ్మాకు నీతోని వస్త" అన్నది. వచ్చే శుక్రవారం దాకా గడువు పెట్టిందన్నమాట. నేను తలుపు వెనక నిలబడి విన్నాను. ఆమె పోతే నేను మళ్లీ వదిన గడప తొక్కాలి. అంతకంటే ఎక్కువ, ఆమెను ఊళ్లో నిలబెట్టడానికి ఒక ఇనప బండి తప్ప మనిషెవరూ లేరని ఆమే అనుకుంటోందని బాధపడ్డాను. నేనున్నానని అనే చనువు నాకు లేదు.

బుధవారం ఒక ముసలాయన దవాఖానాకు వచ్చాడు. నేను జరం చూసి, చాలా ఎక్కువుందని డాక్టరమ్మకు చెప్పాను. ఆమె ఆయన నుదురు ముట్టుకుని నా మీద కస్సుమంది. "ఒళ్లు సల్లగున్నది. చాయ్ తాగి వచ్చిండా అడిగినవా?" ఎదురుగా హోటల్లో ఉడుకుడుకు చాయ్ తాగే వచ్చాడట. "థర్మామీటరు నోట్ల పెట్టంగనే అది మనిషి జరం సూస్తదా, చాయ్ వేడి సూస్తదా? జర ఆగాలె. నోరు సల్లబడనియ్యాలె" అని ఇంకా తిట్టబోయి ఆగిపోయింది. కిటికీలోంచి కారు వైపు చూసింది. ముసలాయనను అట్లాగే వదిలేసి బయటికి నడిచింది.

బానెట్ ఎత్తి ఆ ఇత్తడి ముక్కను చూపించింది. "మా ఆయన చెప్తుండె. లోపటికి పోయే గాలి ఎంత వేడిగున్నదో ఇది సూస్తదంట. సల్లగాలికి పెట్రోలు ఎక్కువ, వేడిగాలికి తక్కువ. మనం దీన్ని పొయ్యి మీద కూసోపెట్టినం. బయట గాలి ఎట్లున్నదో దానికేం తెల్సు పాపం? ఇంజను కాగినకొద్దీ ఇది పెట్రోలు తగ్గించి బండి కడుపు మాడుస్తున్నది." నాకు సగమే అర్థమైంది. స్పానర్ పట్టుకురమ్మంటే తెచ్చాను. ముక్కను ఊడదీసి, వైర్లతో సహా ముందుకు లాగి, గాలి తగిలే జాలీ దగ్గర గాజుగుడ్డ పేలికతో కట్టింది. పేషంట్లంతా చుట్టూ మూగారు. ముసలాయన, "బండికి జరమొచ్చిందా తల్లీ?" అన్నాడు. డాక్టరమ్మ నవ్వడం నేను చూసింది ఆ రోజే.

మర్నాడు ఎండ బాగా ఎక్కేదాకా ఆగి వికారాబాద్ వెళ్లాం. కావాలనే ఆగింది ఆమె. అనంతగిరి గుట్ట చడావు మొదలైంది. బండి దగ్గలేదు. పైకి చేరాక ఆమె పక్కకు ఆపి, స్టీరింగు మీద తల పెట్టుకుని కాసేపు ఏడ్చింది. యాదగిరి మేస్త్రి అంతా విని తల గోక్కున్నాడు. "గాలికి జరం సూసుడు నేనెన్నడు ఇనలేదమ్మా" అని, క్లీనరుకు గాలి వచ్చే గొట్టం మూతికి రంధ్రం చేసి, ట్యూబు ముక్క కోసి వాషరు వేసి, ముక్కను అందులో కూర్చోబెట్టాడు. జుమ్మాకు మరిది వచ్చి ఒట్టి చేతులతో వెళ్లిపోయాడు.

ఆ రోజు వికారాబాద్ నుంచి తిరిగి వస్తూ ఆమె నాతో మాట్లాడింది. నల్లా దగ్గర ఆడవాళ్లు నన్ను చూసి మొహం తిప్పుకుంటారని, మొగుడు వదిలేసినదాన్నని గుసగుసలాడతారని నేనెప్పుడో ఏడ్చుకుంటూ చెప్పాను. అది గుర్తుపెట్టుకుంది. "నీ లోపల కాగుతున్నది నువ్వు. ఆ వేడి సూసి లోకమంత మండుతున్నదనుకుంటున్నవ్. ఒకరోజు బిందె నిండినంక గూడ జర నిలబడి సూడు" అన్నది. నిలబడ్డాను. ఒకామె దగ్గరికొచ్చి, పిల్లకు దగ్గు తగ్గలేదు, డాక్టరమ్మతో చెప్పి చూపిస్తవా అక్కా అని అడిగింది. అడగడానికి మొహమాటపడి ఇన్నాళ్లూ చూపు తిప్పుకుందట. నాతో మాట్లాడే మనుషులు నాకు అట్లా దొరికారు. తర్వాత డాక్టరమ్మ నన్ను ఇంకొంత చదివించి నర్సు ట్రైనింగుకు పంపింది, డ్రైవింగు నేర్పింది, ఇవాళ నేను తినే పెన్షను కూడు ఆమె చలవే. కానీ నాకు చెప్పిన మాట ఆమె తనకు చెప్పుకోలేదు. పెద్దేముల్ ఎన్నిసార్లు వెళ్లినా నర్సమ్మ ఇంటి దారి పట్టేది కాదు. చుట్టు తిరిగి పోయేది. నేను అటు వైపు చెయ్యి చూపిస్తే, "వద్దు" అనేది అంతే.

ఎనభైలలో ఆమె కళ్లకు పొర కమ్మింది, మోకాళ్లు పట్టేశాయి. ఇక హైదరాబాదు పోక తప్పలేదు. "ఎవరికీ చెప్పకు. మొకమాటానికి వస్తరు, ఎందుకు" అన్నది. తెల్లవారకముందే మరిది డ్రైవరు ఆ కారులోనే ఆమెను తీసుకెళ్లాడు. వెనక అద్దంలోంచి కూడా ఆమె ఇంటివైపు చూడలేదు. ఇంటి తాళాలు నా దగ్గరే ఉన్నాయి. ఆ రోజు వంట చేసుకుని తినబోతే రేడియో చప్పుడు లేని లోటు నాకు మొదటిసారి తెలిసింది.

జనం రావడం ఆగలేదు. తాళం చూసి, నన్ను అడిగి, అరుగు మీద కాసేపు కూర్చుని పోయేవాళ్లు. ఒకరోజు నర్సమ్మ వచ్చింది, కొత్త కందులు కొంగున మూటకట్టుకుని. డాక్టరమ్మ హైదరాబాదు వెళ్లిపోయిందంటే అక్కడే కూలబడింది. "అక్కా, ఆ దినం ఎర్రటెండల చెప్పుల్లేకుంట నడిచొచ్చింది. కాళ్లు బొబ్బలెక్కినయంట. నేను సోయిల లేకుంటి. మా అత్త భయపడి నోరు మెదపలేదు, గిన్నెడు నీళ్లన్న ఇయ్యలేదు. నా పానం నిలబెట్టినామెకు నీళ్లియ్యలేదని మా అత్త సచ్చేదాక అన్నది. మా ఇంటి దిక్కు వస్తదేమోనని ప్రతిసారి చూసిన. రాకపాయె." ఆ కందులు నాకిచ్చి, డాక్టరమ్మకు ఇయ్యమన్నది.

రైలెక్కి హైదరాబాదు వెళ్లాను. డాక్టరమ్మ మంచం మీద ఉంది, సన్నగా అయిపోయింది, జరం. ఇంటినిండా మనుషులున్నా ఆమె గది వెనకెక్కడో ఉంది. అలవాటు కొద్దీ థర్మామీటరు విదిలించి నోటి దగ్గరికి తెచ్చాను. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. "ఇప్పుడే చాయ్ తాగిన. జర ఆగు."

ఆగాను. మంచం పక్కన కూర్చుని, ఆ ఆగిన కాసేపట్లో నర్సమ్మ మాటలన్నీ చెప్పాను. నీళ్ల మాటా, ప్రతిసారీ దారి చూసిన మాటా. అరుగు మీద కూర్చుని పోయినవాళ్ల పేర్లు గుర్తొచ్చినన్ని చెప్పాను. కందుల మూట ఆమె చేతిలో పెట్టాను. ఆమె కళ్లు మూసుకుని గింజలను వేళ్లతో తడుముతూ వింది. అంతా అయ్యాక, "నీళ్లియ్యలేదని బాధపడ్డరా వాళ్లు?" అని అడిగింది. అవునన్నాను. కళ్లు తుడుచుకుని, "ఇగ పెట్టు" అని నోరు తెరిచింది.

నేను రిటైరయ్యేదాకా ఎన్ని వేలమందికి జరం చూశానో లెక్కలేదు. అందరినీ ముందు చాయ్ తాగారా అని అడిగేదాన్ని. తాగితే పక్కనే కూర్చుని ఆగేదాన్ని. ఆ ఆగిన కాసేపట్లో మనుషులు జబ్బు సంగతి కాక ఇంకేవేవో చెప్పుకునేవాళ్లు. ఇప్పుడు ఇంట్లో నేనొక్కదాన్నే. పొద్దుపోక, ఎవరికీ నేను గుర్తులేననిపించిన రోజున కారు తీసి పెద్దేముల్ వెళ్తాను. చుట్టు దారిన కాదు, నర్సమ్మ ఇంటి మీదుగా. ఆమె నన్ను చూడగానే లోపలికి పోయి మొదట నీళ్లు తెస్తుంది.