మా లీడ్ కళ్లజోడు

మా టీమ్ లీడ్‌కి కోపం వస్తే ముందు కళ్లజోడు తీసేవాడు. చొక్కా అంచుతో నిదానంగా తుడిచి, మళ్లీ పెట్టుకున్నాకే నోరు విప్పేవాడు. ఆ తుడవడం చూస్తే నాకు తిట్లకంటే ఎక్కువ భయం వేసేది.

ఫిల్మ్‌నగర్‌లో మాది సినిమాలకు గ్రాఫిక్స్ చేసే చిన్న ఆఫీసు. నగరమంతా సాఫ్ట్‌వేర్ కోర్సులకు ఎగబడుతున్న రోజులవి. హీరోని గాల్లో వేలాడదీసిన తాళ్లు తెర మీద కనిపించకుండా చెరపడం నా పని. ఒకసారి తాళ్లతోపాటు హీరో ముంజేతి ఎర్రదారం కూడా చెరిపేశాను. అది గుళ్లో కట్టించుకున్న దారం. అది లేనిదే ఆయన కెమెరా ముందుకు రాడు.

పొద్దున్నే డైరెక్టర్ అది చూసి కుర్చీలోంచి లేచాడు.

"దారం ఏదండీ? సాయంత్రం హీరోగారు చూడ్డానికొస్తున్నారు! ఎవడు చేశాడిది? ముందు వాణ్ణి తీసేయండి!"

లీడ్ కళ్లజోడు తీశాడు. తుడిచి పెట్టుకున్నాక అన్నాడు.

"చూసి ఓకే చేసింది నేనే సార్. సాయంత్రానికి దారం ఉంటది."

డైరెక్టర్ వెళ్లిపోయాక నా వైపు తిరిగి మళ్లీ కళ్లజోడు తీశాడు. ఈసారి చాలాసేపు తుడిచాడు. ఉద్యోగం పోయిందనే అనుకున్నాను.

"షాట్‌ల ముందు సగం దారం నువ్వు గియ్యి, వెనక సగం నేను గీస్త. తప్పు సంగతి రేపు మాట్లాడుదం."

సాయంత్రం హీరో తన దారం చూసుకుని నవ్వుతూ వెళ్లాడు. లీడ్ మొహం కడుక్కోవడానికి లేచాడు. బల్ల మీద వదిలిన కళ్లజోడు ఊరికే పెట్టుకుని చూశాను.

అన్నీ ఎప్పటిలాగే కనిపించాయి. అవి ఉత్త అద్దాలు.