అంతర్జాతీయ శిక్షణ, పూతలపట్టు మీదుగా

అంతర్జాతీయ శిక్షణకు వెళ్తున్నానని చెప్పగానే మా ఆఫీసులో అందరూ అడిగిన మొదటి ప్రశ్న పాస్‌పోర్టు ఉందా అని. చిత్తూరు బస్టాండులో తిరుపతి బస్సెక్కడానికి దాని అవసరం రాలేదు. కోళ్ల పెంపకం, ఆరోగ్యం, మేత అనే మూడు విషయాల మీద ఐదు రోజుల శిక్షణ అది. పాఠం చెప్పేది హాలెండు నుంచి వచ్చిన హెంక్ అనే నిపుణుడు. వినేది టాంజానియా, నేపాల్, శ్రీలంక, బంగ్లాదేశ్‌ల నుంచి విమానాల్లో దిగిన పశువైద్యులు. వాళ్ల మధ్య ఎర్రబస్సులో దిగినవాణ్ని నేనొక్కణ్నే. చిత్తూరులో ఒక మేత కంపెనీకి కోళ్ల డాక్టరును. తెలుగు నుంచి ఇంగ్లీషులోకి మాట అందించడానికి ఒకడు కావాలన్నది నన్ను పిలవడానికి అసలు కారణమని రెండో రోజు తెలిసింది.

దూరం నుంచి వచ్చినవాళ్లకు హోటల్లో గదులు ఇచ్చారు. నేను దగ్గరివాణ్ని కాబట్టి ఇంటి నుంచి వచ్చి పోవచ్చన్నారు. దగ్గరివాళ్లకు జరిగే మర్యాదలు ఇలాగే ఉంటాయి. కోడికి రోజుకు ఎన్ని గంటల చీకటి కావాలో వింటూ నాలుగు రోజులు నా నిద్ర పోగొట్టుకున్నాను. ఐదో రోజు ఫారం చూపించే కార్యక్రమం. అది పూతలపట్టు దగ్గర. అంటే నేను పొద్దున పూతలపట్టు దాటి తిరుపతి పోవాలి, వాళ్లతో కలిసి పూతలపట్టుకు రావాలి, వాళ్లను తిరుపతిలో దించి రావడానికి మళ్లీ పోవాలి, సాయంత్రం అదే పూతలపట్టు మీదుగా ఇల్లు చేరాలి. నేను పొద్దున పూతలపట్టులోనే దిగి కూర్చుంటానని నిర్వాహకుడితో అన్నాను.

"హాజరు సంతకం తిరుపతిలో గదా సార్" అన్నాడాయన. నిజమే.

ఆరు గంటల బస్సులో కిటికీ సీటు దొరికింది. ఈ దారిలో పోయేవాళ్లు పొద్దున ఎండ పడని వైపు చూసుకుని కూర్చోవాలి. వేసవిలో ఆ వైపు సీట్లు బస్టాండులో బస్సు ఆగకముందే నిండిపోతాయి, తువాళ్లతో. నా పక్కన ఒక పెద్దాయన విరిగిన చెయ్యిని మెడకు కట్టుకుని కూర్చున్నాడు. తిరుపతిలో బస్సు మారి పుత్తూరు పోతాడట, అక్కడి నాటువైద్యుల చేత ఎముకకు కట్టు కట్టించుకోడానికి. నా చేతిలో సంచి చూసి అడిగాడు.

"డాక్టరా నాయనా?"

"కోళ్లకు."

"అట్లయితే నా చెయ్యి సూడొద్దులే" అని ఆ చేతిని కొంచెం అటువైపు జరుపుకున్నాడు.

ఎనిమిదిన్నరకు ఇడ్లీ తిని, సంతకం పెట్టి, శిక్షణవాళ్ల బస్సులో కూర్చున్నాను. తొమ్మిదికి బయల్దేరాం. నా పక్కన టాంజానియా డాక్టరు జోసెఫ్. పెద్ద మనిషి, సీటులో ముప్పాతిక ఆయనదే. చంద్రగిరి దగ్గర కోట కనిపిస్తే, అందులో రాజు ఉన్నాడా అని అడిగాడు. రాజు లేడు, టికెట్టు ఉంది అన్నాను. ఆయన నవ్వి వెంటనే నిద్రపోయాడు. నాకు అసూయ కలిగింది.

మేం చూడబోయే ఫారం చెంగల్రాయులుది. నేనే ఎంపిక చేశాను. పూతలపట్టు నుంచి లోపలికి పోతే ఒక పల్లె చివర అతని షెడ్డు. పోయిన ఏడాది కొక్కెర తెగులు వచ్చి ఆ షెడ్డులో ఒక్క కోడి మిగల్లేదు. వెనకాల గుంత తీసి పూడ్చిన రోజు నేనూ అక్కడ ఉన్నాను. ఆ తర్వాత కొన్ని నెలలు షెడ్డు ఖాళీగా ఉంచి, సున్నం కొట్టి, పిల్లలను తెచ్చి మళ్లీ మొదలుపెట్టాడు. ఇప్పుడవి గుడ్లకు రావడానికి సిద్ధంగా ఉన్నాయి. ఈసారి కూడా పోతే ఇక ఫారం ఉండదని అతనే చెప్పాడు, పెద్దగా బాధ లేకుండా, వాన పడకపోతే చెనిక్కాయ పంట రాదన్నట్టు. పరదేశీయులు వచ్చి తన షెడ్డు చూస్తారనగానే మాత్రం మొహం వెలిగింది.

పూతలపట్టుకు ఇంకా కొంచెం దూరం ఉండగా బస్సు ఆగింది. రోడ్డు పక్క ఊళ్లో గంగమ్మ జాతర. ఊరేగింపు దాటేదాకా బండి కదలదని డ్రైవరు మునస్వామి ఇంజను ఆపేశాడు. దిగొద్దని నేను చెప్పే లోపే అందరూ దిగారు. కోళ్ల జబ్బును షెడ్డులోకి తెచ్చేది ఎక్కువగా మనిషేనని, అతని చెప్పులు, బట్టలు, చేతులేనని నాలుగు రోజులు బల్ల గుద్ది చెప్పిన హెంక్ అందరికంటే ముందు దిగాడు. చుట్టుపక్కల ఊళ్లన్నిటి నుంచి కోళ్లు వచ్చాయి. చంకల్లో, బుట్టల్లో, సైకిలు హ్యాండిళ్లకు తలకిందులుగా. హెంక్ నుదుటికి ఎవరో కుంకుమ పెట్టారు. ఆయన రెండు చేతులూ జోడించి ఫొటో తీయించుకున్నాడు.

అరగంటకు దారి వదిలారు. హారను విని అందరూ పరిగెత్తుకొచ్చి ఎక్కారు. బస్సు కదలబోతుండగా జోసెఫ్ ఒళ్లో ఒక పుంజు కనిపించింది.

"ఎక్కడిది?" అన్నాను.

"ఒక పెద్దావిడ పట్టుకోమని ఇచ్చింది. కర్పూరం వెలిగించుకోడానికి. ఇంతలో హారను మోగింది" అన్నాడాయన. పుంజు తనదేననుకున్నట్టు ఆయనకు ఆనుకుని ఉంది.

మునస్వామి తిరిగి చూశాడు. "అమ్మకు మొక్కిన కోడి సార్ అది. అది బండ్లో ఉంటే నేను తోలను. యాడ తెచ్చినారో ఆడనే ఇచ్చి రాండి."

ఆ పెద్దావిడతో మాట్లాడాల్సింది తెలుగులో. కాబట్టి పుంజును నేనే చంకలో పెట్టుకుని దిగాను. జనంలో తోసుకుంటూ పోతుంటే అది ఎందుకు అంత బుద్ధిగా ఉందో అర్థమైంది. రెక్కలు వేలాడేసింది. మెడ ఒక పక్కకు తిరిగిపోతోంది. నా చొక్కా మీద ఆకుపచ్చ రంగు నీళ్ల రెట్ట వేసింది. బుధవారం తెర మీద రంగుల్లో చూపించిన కొక్కెర తెగులు పాఠం మొత్తం శుక్రవారానికి నా జేబు మీద ఉంది.

పెద్దావిడ నన్ను చూడగానే మొదలుపెట్టింది. "యాడికి ఎత్తుకొని పోతారప్పా నా మొక్కును? అంత పెద్ద మనిషి గదా, పారిపోడనుకుంటి."

"పొరపాటు అవ్వా. ఈ కోడికి బాగలేదు, తెగులు ఉండాది."

"బాగుంటే ఇంట్లో పెట్టుకోనా? మా ఈదిలో అన్నిటికీ తగులుకున్నింది. ఒకదాన్ని అమ్మకిస్తే మిగతావన్నా నిలబడతాయని తెచ్చినా." ఆమె పుంజును తీసుకుని దాని తల నిమిరింది. "మీ ఈదిలోవి బాగుండాయా?"

బాగున్నాయన్నాను. ఆ మాట నిజంగా ఉండాలని నా పక్కన అమ్మవారికి మొక్కినవాళ్ల కంటే ఎక్కువగా కోరుకున్నాను.

అప్పుడు గమనించాను. జాతరకు వచ్చిన బుట్టల్లో చాలా కోళ్లు అలాగే తలలు వాల్చి ఉన్నాయి. తెగులు తగిలిన ఇంటివాళ్లే ముందుగా మొక్కు తీరుస్తారు. మేం ఇరవై మందిమి వాటి మధ్య అరగంట తిరిగాం.

బస్సెక్కి హెంక్‌కు చొక్కా చూపించాను. ఆయన దాన్ని చూసి, నుదుటి మీద కుంకుమను రుమాలుతో తుడుచుకున్నాడు. వెనక సంచిలో తెల్ల తొడుగులు ఉన్నాయి కదా, అవి వేసుకుని లోపలికి పోదామన్నాడు నేపాల్ డాక్టరు.

"జుట్టు? చేతులు? ముక్కులో దుమ్ము?" అన్నాడు హెంక్. "అందరం స్నానం చేసి బట్టలు మార్చుకోవాలి. కుదురుతుందా?"

చెంగల్రాయులు ఇంటి ముందు ఒకటే కుళాయి. ఫోనులో చెబుదామంటే అతని ఊరికి అప్పటికింకా ఫోను రాలేదు. లోపలికి రామని చెప్పడానికైనా అక్కడిదాకా పోవాలి. మునస్వామి చేత బండిని రోడ్డు మీదే, గేటుకు బాగా దూరంగా ఆపించాను.

గేటుకు మామిడాకు తోరణం, అరటి పిలకలు. పల్లె జనం గుంపుగా నిలబడి ఉన్నారు. చెంగల్రాయులు ఇస్త్రీ చొక్కాలో గేటు దాకా వచ్చాడు.

"ఏం సార్, బండి ఆడనే ఆపేసినారు?"

"నువ్వు బయటకు రావద్దు చెంగల్రాయులూ. మేము లోపలికి రాము."

సంగతి చెప్పాను, దాచకుండా. జాతర, పుంజు, చొక్కా. అతను గేటు కమ్మీ పట్టుకుని విన్నాడు.

"ఊరంతా చెప్పినాను సార్, దేశాలోళ్లు వస్తా ఉండారు నా షెడ్డు సూడ్డానికని. గేటు కాడ నించి ఎనక్కి పోతే రేపు నన్ను ఏమంటారో తెలుసునా?"

"తెలుసు."

"టీకాలన్నీ ఏసినాము గదా."

"పోయినసారి కూడా వేసినాము."

అతను షెడ్డు వెనక్కి చూశాడు. గుంత తీసిన చోట ఇప్పుడు గడ్డి మొలిచింది. లోపల నుంచి వందల కోళ్ల సద్దు వస్తోంది, బాగున్న కోళ్లు చేసే సద్దు.

జనంలోంచి ఒకడు అరిచాడు. "ఏం చెంగల్రాయులన్నా, దొరలకు నీ కోళ్లు నచ్చలేదంటనే?"

"నచ్చలేదురా" అన్నాడు చెంగల్రాయులు. గేటుకు గొళ్లెం పెట్టాడు.

ఇంట్లోంచి అతని భార్య రాజమ్మ పిలిచింది. "ఏమంట?"

"రారంట."

"అన్నమో?"

నా వైపు చూశాడు. తింటామన్నాను. ఇరవై మందికి వండిన అన్నం వద్దని చెప్పే ధైర్యం అప్పటికి నాలో మిగల్లేదు. రాజమ్మ ఆకులు, గిన్నెలు తెచ్చి గేటు బయట పెట్టి వెనక్కి జరిగింది. మేం వెళ్లి తీసుకున్నాం. రోడ్డు పక్క చింతచెట్టు నీడలో కూర్చుని రాగిసంకటి, చెనిక్కాయల ఊరుబిండి, గుడ్ల పులుసు తిన్నాం. గుడ్లు అంగట్లో కొన్నవి. అతని కోళ్లు ఇంకా మొదలుపెట్టలేదు.

తిన్నాక పాఠం జరిగింది. మేం రోడ్డు మీద, అతను గేటు లోపల. కోడికి రోజుకు ఎంత మేత, ఎంత నీళ్లు, లైటు ఎప్పటి నుంచి వేస్తావు అని వాళ్లు అడగడం, నేను తెలుగులో అరవడం, అతను అరిచి చెప్పడం, నేను ఇంగ్లీషులో చెప్పడం. మొదట్లో ఒక్కో మాటే చెప్పాడు. లైట్ల దగ్గరికి వచ్చేసరికి మాట పెరిగింది. కోళ్ల బరువు ఎలా చూస్తావని జోసెఫ్ అడిగితే, ఎవర్నీ పిలవకుండా లోపలికి పోయి త్రాసు తెచ్చి గేటు లోపల్నుంచి ఎత్తి చూపించాడు. పల్లె జనం మెల్లగా పలచబడ్డారు. అరుపుల్లో వాళ్లకు వినోదం తగ్గినట్టుంది.

బయల్దేరేటప్పుడు గేటు దగ్గరికి పోయి చెయ్యి చాపాను, అలవాటుగా. చెంగల్రాయులు రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు.

"వద్దు సార్. మీ చేతులు గూడా జాతరకు పోయినాయి గదా."

కోపమో, జాగ్రత్తో అతని మొహంలో తెలియలేదు. చెయ్యి జేబులో పెట్టుకుని బస్సెక్కాను. నాలుగు గంటలకు తిరుపతిలో సర్టిఫికెట్లు ఇచ్చారు. నా పేరులో అక్షరం తప్పు పడింది. దిద్దించాలంటే ఇంకో రోజు రావాలన్నారు. అదే పేరుతో ఉంటానన్నాను.

ఐదున్నరకు చిత్తూరు బస్సు. వెనక సీటు, అదీ చక్రం మీద. ఎవరైనా ఇలాంటి శిక్షణకు పోతే ఒక జత బట్టలు, ఒక జత చెప్పులు అదనంగా తీసుకుపోవాలని నా సలహా. అంతకు మించి ఆ ఐదు రోజుల్లో నేను నేర్చుకున్నదేమిటో ఆలోచిస్తుంటే, ఆ రోజుకు నాలుగోసారి వచ్చిన పూతలపట్టులో బస్సు ఆగింది. ఒకతను ఎక్కి నా పక్కన కూలబడ్డాడు. నుదుటి మీద పెద్ద కుంకుమ బొట్టు, భుజాన తువాలు, మొహం చిటపటలాడుతోంది.

"చిత్తూరేనా సార్?" అన్నాడు.

"చిత్తూరే."

"మా బావ కాడికి పోయొస్తా ఉండా. పోకుండా ఉండాల్సింది. దొరలు వస్తారు రారా అని పిలిచిందీ ఆయనే. జాతరలో కోడి కోయించి నేను పోయేతలికి దొరలు ఎలబారినారంట. సరే కోళ్లన్నా సూస్తామని గేటు తీస్తి. ఆయప్ప పరిగెత్తుకోనొచ్చి మూసేసినాడు సార్, నా మొగం మీదనే."

నేను కిటికీ వైపు తిరిగాను. "ఎందుకు?"

"జాతర నించి వస్తా ఉండావు, బయటే నిలబడు అన్నాడు. సొంత బావమరిదిని. ఆ షెడ్డుకు ఇటికెలు మోసినోణ్ని. మా యక్క సంకటి తెచ్చి రోడ్డు మీద పెట్టింది."

"తిన్నావా?"

"తినక? దాని మీద కోపమేంది."

"తర్వాతైనా లోపలికి పోయినావా?"

"పోనిస్తే గదా."

ఐదు రోజుల్లో మొదటిసారి నా వీపు సీటుకు పూర్తిగా ఆనింది. అలసట ఒంట్లోనే ఉంది, కానీ ఇక దాన్ని మోయాల్సిన పని లేనట్టు అనిపించింది. కళ్లు మూసుకుంటే అతను మోచేత్తో పొడిచాడు.

"మీరేం చేస్తారు సార్?"

"మేత కంపెనీలో పని."

"ఎవడో కోళ్ల డాక్టరంట, వాడు చెప్పినాడంట ఇదంతా. పొద్దున దాకా మా బావ మంచోడే. ఆ డాక్టరు ఒక్కసారి నాకు కనిపించాల. మీకేమన్నా తెలుసునా?"

కనిపిస్తే చెబుతానన్నాను.