వీధంతా తిరిగిన చుక్కల మందు

జగ్గమ్మ ఎడమ కంటి రెప్ప మీద కురుపు లేస్తే వీధికంతటికీ తెలిసేది. ఒకటి మానేలోగా పక్కనే ఇంకొకటి లేచేది. నందివర్ధనం పూలు కట్టుకుంది. బాలింతరాలి చేత చనుబాలు పిండించుకుంది. లవంగం అరగదీసి రాసుకుంది. ఏదీ నిలవలేదు. ఆమదాలవలసకు అవతల చిన్న ఊరు వాళ్లది. శ్రీకాకుళం వెళ్లి చూపించుకోవాలంటే ఆ రోజు పని పోతుంది. వరి ఊడుపుల్లో గుంపు ముందు నిలబడి వరస పట్టేది జగ్గమ్మే. ఆమె రాకపోతే గుంపంతా ఆగుతుంది.

అందుకే ఆమదాలవలస టౌన్లో మందుల షాపువాడు చిన్న సీసా చేతిలో పెట్టినప్పుడు దేవుడే ఇచ్చాడనుకుంది. పొద్దున రెండు చుక్కలు వేస్తే సాయంత్రానికి ఎరుపు పోయేది, వాపు దిగేది. అతను డాక్టరు చీటీ అడగలేదు. ఎన్నాళ్లు వేసుకోవాలో చెప్పలేదు. ఖాళీ సీసా చూపిస్తే కొత్తది ఇచ్చాడు, ఏళ్ల తరబడి.

ఆ వీధిలో పెరుగు తోడు ఇంటింటికీ ఎలా తిరుగుతుందో, ఆ సీసా కూడా అలాగే తిరిగింది. ఎవరి కన్ను ఎర్రబడినా జగ్గప్ప మందు వెయ్యమనేవారు; అక్కను అప్ప అనడం అక్కడి వాడుక. కొందరు సొంతంగా కొనుక్కోవడం మొదలుపెట్టారు. తోటికోడలు అనూరాధ కూతురు శైలజ ఇంటర్ చదువుతోంది. పుస్తకం పడితే కళ్లు మండుతున్నాయని ఆ పిల్ల రోజూ వేసుకునేది. అడిగితే లేదనడం ఆ వీధిలో తప్పు.

మొన్నటి ఊడుపుల్లో వెనక నుంచి అదే వీధి దుర్గాభవాని కేకేసింది.

"ఒలే జగ్గీ, నీ ఎడం పక్కన మడి వదిలేసి పోతన్నావేటి? కొంగలు ఆడుకోడానికా?"

అందరూ నవ్వారు.

"నాటినాను గదే."

"ఎక్కడ నాటినావు? తల తిప్పి సూడు."

చూసింది. జానెడు జానెడు ఖాళీలు. అప్పటిదాకా ఆ ఖాళీలు ఆమెకు లేనే లేవు.

అదే వారం గట్టు మీద నుంచి ఎడమ వైపు జారి మడిలో పడింది. అనూరాధ ఇక ఊరుకోలేదు.

"పద అప్పా, పెద్దాసుపత్రికి పోదాం."

"కురుపుకి ఏటి మందిత్తారో అడుగుదాం. కాళ్లు జారితే డాక్టరేటి సేత్తాడు?"

కంటి డాక్టరు అరుణశ్రీ రెప్ప తిప్పి చూసి, ఏం వాడుతున్నారని అడిగింది. జగ్గమ్మ కొంగుముడి విప్పి సీసా ఇచ్చింది. డాక్టరు దాని మీది అక్షరాలు చదివి, పరీక్షలకు పంపింది. కుడి కన్ను మూసి ఒక మిషన్ ముందు కూర్చోబెట్టారు. వెలుగు చుక్క కనిపించినప్పుడల్లా బటన్ నొక్కాలి. జగ్గమ్మ చాలాసేపు ఊరికే కూర్చుంది.

"మిషన్ పాడైనట్టుంది సూడమ్మా. ఏటీ ఎలగట్నేదు."

ఆమె లేచాక అదే మిషన్ ముందు కూర్చున్న ముసలాయన టకటకా నొక్కాడు. జగ్గమ్మ ఆయన వేళ్లనే చూస్తూ ఉండిపోయింది.

"కురుపులకు భయపడక్కర్లేదు," అంది డాక్టరు. "రెప్ప అంచున నూనె గ్రంథులు మూసుకుపోతున్నాయి. రోజూ గోరువెచ్చని నీళ్లలో గుడ్డ ముంచి కాపడం పెట్టి, మెల్లగా నిమిరి, అంచు శుభ్రం చేసుకోవాలి. మానకుండా చేస్తే అదుపులో ఉంటాయి. మళ్లీ అక్కడే గట్టిపడితే కోసి, ఆ ముక్కను పరీక్షకు పంపుతాం. కానీ ఈ చుక్కల్లో స్టెరాయిడ్ ఉంది. ఇన్నేళ్లు వేసుకుంటే కంట్లో ఒత్తిడి పెరిగి నరం దెబ్బతింది. పోయిన చూపు రాదమ్మా. మిగిలింది కాపాడుకుందాం."

జగ్గమ్మ అర్థం కానట్టు చేతులు చూసుకుంది.

"ఏడినీళ్ల గుడ్డతో పోయే కురుపుకి కన్ను పోగొట్టుకున్నానా?"

అంతలో ఆమె అనూరాధ చెయ్యి పట్టుకుంది.

"ఒలే అనూరాధా, మన శైలజ గుంట రోజూ ఏసుకుంతాది."

శైలజను మర్నాడే తీసుకెళ్లారు. ఒత్తిడి పెరిగింది, నరం ఇంకా చెడలేదు. చుక్కలు ఆపాక ఆ ఒత్తిడి మెల్లగా దిగింది. ఇంకొన్నాళ్లు ఆగి ఉంటే ఏమయ్యేదో ఆ ఇంట్లో ఎవరూ పైకి అనలేదు. చీటీ లేకుండా అమ్మకూడని మందు అది. చట్టంలో ఆ మాట ఉంది. షాపు గల్లా దగ్గర లేదు. చూడాల్సిన అధికారులు చూడలేదు. ఇది జగ్గమ్మ అమాయకత్వమని తేల్చేసేవాళ్లు ఆ షాపు ముందు ఒక గంట నిలబడి చూడాలి.

డాక్టరు చెప్పిన రోజు సాయంత్రమే జగ్గమ్మ వీధిలోకి బయలుదేరింది. ఇచ్చినదాన్ని తిరిగి అడగడం ఆమె ఎరగదు. ఆ రోజు ప్రతి గుమ్మం ముందూ నిలబడి, సంగతి చెప్పి సీసా అడిగింది. అందరూ ఇచ్చారు, దుర్గాభవాని తప్ప.

"నా డబ్బులతో కొనుక్కున్నాను. నాకు బాగానే పని సేత్తన్నాది. నీకు పడనేదని మాకూ పడదేటి?"

జగ్గమ్మ గుమ్మం వైపు ముఖం పెట్టి నిలబడింది.

"నా ఎడం పక్కకి రాయే."

దుర్గాభవాని విసుక్కుంటూ వచ్చి నిలబడింది.

"వచ్చినాను. ఏటి?"

"మాట ఇనబడతన్నాది," అంది జగ్గమ్మ, తల తిప్పకుండా. "నువ్వు మాత్రం నా కంటికి నేవే."

దుర్గాభవాని చెయ్యెత్తి ఆమె చెంప పక్కన ఆడించింది. జగ్గమ్మ రెప్ప కదల్లేదు. ఆ రెప్ప మీద పాత కురుపు మచ్చ మాత్రం ఉంది.

దుర్గాభవాని లోపలికి వెళ్లి సీసా తెచ్చింది. తిరిగి వచ్చేటప్పుడు చుట్టూ తిరిగి, కుడి పక్కన నిలబడి చేతికి అందించింది.