నాలుగు డబ్బాల గింజలు

మా చిన్నమ్మాయి తుమకూరులో ఒక ఆఫీసులో పని చేస్తుంది. పొద్దస్తమానం కంప్యూటరు ముందు కూర్చుని, అది చూపించే ఫొటోలకు ఇది ఆవు, ఇది గేదె, ఇది గుంత, ఇది నీడ అని గుర్తులు పెట్టడమే ఆ పని. అట్లా వేల ఫొటోలు చూపిస్తే తర్వాత మిషన్ తనంతట తనే గుర్తు పడుతుందట. "అది నేర్చేసుకుంటే నువ్వేం చేస్తావే?" అన్నాను. నవ్వేసింది. "అందర్లోకీ నావే తక్కువ తప్పులంటమ్మా, మేనేజరు మెచ్చుకున్నాడు" అంది. ఆ మాట చెబుతుంటే పిల్ల ముఖంలో ఎంత సంబరమో. ఆ సంబరం నాకు కొత్త కాదు.

మాది మంగళవాడ. తొంభైల్లో మా అమ్మా నేనూ పొద్దున బస్సుకు పావగడ పోయి, అక్కడ ఒక శెనక్కాయల మిల్లులో గింజలు ఏరే పని చేసేవాళ్ళం. అప్పటికి నాకు పెళ్ళి కాలేదు. వరుసగా వానలు ఎగ్గొట్టిన ఏళ్ళవి. చేలో విత్తిన విత్తనం కూడా తిరిగి చేతికొచ్చేది కాదు. కలుపుతీత లేదు, కోత లేదు, కూలికి పిలిచేవాళ్ళు లేరు. మిల్లువాళ్ళు మాత్రం ఎక్కడెక్కడి నుంచో లారీల్లో కాయ తెప్పించేవాళ్ళు. నీడపట్టున కూర్చుని చేసే పని ఈ చుట్టుపక్కల అదొక్కటే. అది పోతే మాకు ఇంకేమీ లేదు.

అంతకుముందు కాయలు చేత్తో ఒలిచే ఆడవాళ్ళు వేరే ఉండేవాళ్ళు. కాయ కొట్టే మిషన్ వచ్చాక వాళ్ళు మిల్లుకు రావడం మానేశారు. వాళ్ళ కోసం మేమెవరమూ కన్నీళ్ళు పెట్టుకోలేదు. గింజ ఎక్కువ రాలుతోంది, మాకు పని పెరిగిందని లోలోపల సంతోషపడ్డాం కూడా. ఉన్నమాట చెప్పుకోవాలి కదా.

ఏరడమంటే చూపుతో చేసే పని అనుకుంటారు. మా అమ్మది చేతిపని. చేటలో గింజ పోసుకుని అరచేతిని దానిమీద అట్లా తిప్పుతూ, పక్కవాళ్ళతో ఊళ్ళో సంగతులన్నీ మాట్లాడుతూనే ఉండేది. చెడ్డ గింజ వేళ్ళ సందున దానంతట అదే వచ్చి నిలిచేది. మొన నల్లబడింది ఒక పక్కకి, చిట్లింది ఒక పక్కకి, లోపల పసలేని లొట్టది ఒక పక్కకి. వానల్లేక ముడతలు పడిన గింజను మాత్రం పారేసేది కాదు. గోటితో నొక్కి చూసి, "ఇది చావలేదే, దానికి దప్పికైంది, అంతే" అని మంచివాటిలో వేసేది. విత్తనానికి గింజ కొనడానికొచ్చే రైతులు "ఆయమ్మ ఏరిన మూట ఇయ్యండి" అని అడిగి తీసుకునేవాళ్ళు.

ఒకరోజు సావుకారి, అంటే మిల్లు యజమాని, మా అమ్మ దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

"ఏమ్మా, బెంగళూరు నుంచి కొత్త మిషన్ వస్తాండాది. దానికి కన్ను ఉంటాదంట. మంచి గింజ ఏదో, చెడ్డ గింజ ఏదో మొదట మనమే చూపించల్లంట. నీ అంత బాగా ఏరేవాళ్ళు ఎవురుండారు? నువ్వే నాలుగు డబ్బాలు నింపియ్యల్ల."

"అట్లే సామీ" అంది అమ్మ.

ఆ సాయంత్రం బస్సులో మా అత్త, అంటే మా నాయన చెల్లెలు, అమ్మ పక్కన ఇరుక్కుని కూర్చుంది. ఆమె కూడా మాతోపాటే ఏరేది. మొగుడు పోయిన మనిషి, ఇద్దరు పిల్లలు.

"వదినా, కలిపెయ్. మంచి డబ్బాలో రెండు పిడికిళ్ళు నల్లవి ఏసెయ్. నల్లదాంట్లో మంచివి ఏసెయ్. మిషన్ గుడ్డిదైపోతాది. సావుకారి దాన్ని వచ్చిన బండిలోనే వాపసు పంపిస్తాడు."

"అట్లే చెయ్యిమా" అన్నాను నేను. నాకప్పుడు ఒళ్ళంతా కోపమే. "మన పొట్ట మనమే కొట్టుకోవాల్నా?"

అమ్మ కిటికీలోంచి బయటికి చూస్తూ, "ఊ, కలుపుతాలే" అంది. అత్త ఆమె చెయ్యి పట్టుకుని ఊరొచ్చేదాకా వదల్లేదు.

మరుసటి రోజు మిషన్ తెచ్చినతను పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాడు. కన్నడం మాట్లాడే కుర్రవాడు, పాపం మర్యాదస్తుడే. అమ్మ ముందు నాలుగు ఖాళీ పాల డబ్బాలు పెట్టారు. మంచివాటికి ఒకటి, నల్లవాటికి, చిట్లినవాటికి, లొట్టవాటికి తలా ఒకటి. మేమంతా తలలు వంచుకుని ఏరుతున్నట్టు నటిస్తున్నాం. నిజానికి అందరి కళ్ళూ ఆ డబ్బాల మీదే.

అమ్మ ఒక నల్ల గింజ తీసుకుంది. చెయ్యి మంచి డబ్బా మీదికి పోయింది. అక్కడ ఆగింది. అత్త దగ్గింది. అమ్మ చెయ్యి వెనక్కొచ్చి, గింజను నల్ల డబ్బాలో వేసింది. ఇంకొకటి తీసుకుంది, మళ్ళీ అదే వరస. మూడోసారి ఇక ఆగను కూడా ఆగలేదు. చేతులు వాటి దారిన అవి పోయాయి. మధ్యాహ్నానికి నాలుగు డబ్బాలూ నిండాయి. ఆ కుర్రవాడు ఒక్కో డబ్బా వెలుగులో పెట్టి చూసి, మీరు మేష్టరై ఉండాల్సిందమ్మా అన్నాడు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని సిగ్గుపడింది.

ఆరోజు బస్సులో అత్త వేరే సీటులో కూర్చుంది.

ఇంటికొచ్చాక నేను ఆగలేకపోయాను. "కలుపుతానంటివి కదా! ఏమైపాయె?"

"చెయ్యి పోలేదే." అమ్మ కాళ్ళు కడుక్కుంటూ అంది. "నల్ల గింజ మంచిదాంట్లో యాడ ఏస్తాను? రేపది ఎవురి బిడ్డ నోట్లోనో పడ్తాది."

"మన నోట్లో ఏం పడ్తాది మరి?"

అమ్మ రాగిసంగటి కలిపి నా ముందు పెట్టింది. నేను తినలేదు. అంత మాట అన్నందుకు తర్వాత చాలా ఏళ్ళు బాధపడ్డాను, కానీ ఆ ప్రశ్న తప్పని ఇప్పటికీ అనుకోను.

మిషన్ బాగానే నేర్చుకుంది. గింజలు దాని నోట్లోంచి ధారగా కిందికి పడుతుంటే, చెడ్డదాన్ని కనిపెట్టి టప్పున గాలి ఊది పక్కకి నెట్టేసేది. మేం వారంలో ఏరే మూటలు పొద్దు వాలేలోపు తేల్చేసేది. ఉగాది తర్వాత రావద్దన్నారు. ఊడ్చడానికి, సంచులు పట్టడానికి ఇద్దర్ని ఉంచుకున్నారు. వాళ్ళలో అమ్మ లేదు. అత్త పిల్లల్ని తీసుకుని బెంగళూరులో బిల్డింగు పనులకు పోయింది. పోయేముందు మా గడప తొక్కలేదు. అమ్మా నేనూ కరువు పనుల్లో రోడ్డు మీద కంకర కొట్టాం.

ఏడాది తిరిగేసరికి మిల్లు నుంచి కబురొచ్చింది. ఆ యేటి గింజ రంగు మారింది, ముడత గింజను మిషన్ చెడ్డదని ఊదేస్తోంది, కొత్త డబ్బాలు నింపాలి. ఒక్క రోజు పని. అమ్మ తలస్నానం చేసి, ఉన్నదాంట్లో మంచి చీర కట్టుకుని బయల్దేరింది. నాకు ఒళ్ళు మండిపోయింది. "సిగ్గు లేదామా?" అన్నాను. "పిలిచినారు కదా" అంది, అంతే. మరుసటి ఏడు కబురొచ్చినప్పుడూ అట్లాగే వెళ్ళింది.

మూడో ఏడు కబురొస్తే అమ్మ కదల్లేదు. చేతులు నా ముందు చాపింది. కంకర సుత్తి పట్టి పట్టి వేళ్ళన్నీ కాయలు కాచి పగిలిపోయాయి. "తడిమితే తెలీడం లేదే. దప్పికైందో, చచ్చిందో తెలీడం లేదు. నువ్వు పో." అమ్మ కంట నీళ్ళు తిరగడం నేను చూసింది ఆ ఒక్కసారే.

నేను పోయాను, కానీ వేరే ఉద్దేశంతో. అమ్మ చెయ్యలేనిది నేను చేస్తాను, మంచి డబ్బా నిండా నల్లవి కలిపి వస్తాను, వాళ్ళ మిల్లు పేరు మూడు జిల్లాల్లో గబ్బు పట్టాలి అని బస్సులో పళ్ళు నూరుకుంటూ కూర్చున్నాను.

డబ్బాలు ముందు పెట్టారు. మిషన్ ఆపేసి ఉంది, షెడ్డంతా ఖాళీ. నన్ను గమనించే దిక్కే లేదు. నల్ల గింజ ఒకటి తీసి మంచి డబ్బాలో వేశాను. నిజంగానే వేశాను. ఆ తర్వాత పదో పదిహేనో సరిగ్గానే ఏరాను. ఏరుతున్నానన్న మాటే గాని మనసంతా ఆ మొదటి గింజ మీదే ఉంది. చివరికి డబ్బా ఒళ్ళో వంచుకుని, వెతికి, దాన్ని తీసి నల్ల డబ్బాలో పడేశాను. ఆ పైన నా చేతులు ఇక నన్నేమీ అడగలేదు.

సాయంత్రం సావుకారి వచ్చి నాలుగు డబ్బాలూ కళ్ళద్దాలు పెట్టుకుని చూశాడు. ఒక్క తప్పు కూడా దొరకలేదు.

"అచ్చం మీ అమ్మ చెయ్యే కదమ్మా నీది!" అన్నాడు.

నాకు ఎంత సంతోషమేసిందంటే, ఊరొచ్చేదాకా బస్సులో ఆ మాటే మనసులో అనుకుంటూ వచ్చాను. బస్సు దిగి ఇంటికొచ్చి, అరుగు మీద పగిలిన చేతులకు ఆముదం రాసుకుంటూ కూర్చున్న అమ్మను చూశాకే ఆ సంతోషానికి నాకు సిగ్గేసింది.